రేపు మార్చండి

ఆఫీసు, నాలుగో అంతస్తు
మార్చి 4

మామయ్యకి,

ఇది పెళ్లి కబురూ కాదు, జబ్బు కబురూ కాదు. ముందు కుర్చీలో నెమ్మదిగా కూర్చో.

ఫోను చేద్దామంటే నీకు కుడిచెవి ఒక్కటే పనిచేస్తుంది, అదీ నీకు ఇష్టమైన మాటలకే. మెయిలు చేద్దామంటే ఆఫీసు పేరుతో మూడు చేశాను, ఒక్కదానికీ జవాబు లేదు. అందుకని కాగితం మీద రాస్తున్నాను. గుమ్మం పక్క పెట్టెలో పడ్డ కవరు చింపకుండా నువ్వు ఉండలేవని నాకు తెలుసు.

సంగతి 'వరుస' గురించి. నీకు తెలిసిందే అయినా మా ఆఫీసు పద్ధతి ప్రకారం మొదటినుంచి చెప్పాలి, విసుక్కోకు. వెబ్‌సైటుకి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాముని ప్లగిన్ అంటారు. నువ్వూ అత్తయ్యా కలిసి రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోండని పదిహేనేళ్ల కిందట వదిలిన ప్లగిన్ పేరు వరుస. పళ్ల డాక్టర్లు, కళ్లద్దాల దుకాణాలు, డ్రైవింగ్ నేర్పేవాళ్లు, జుట్టు కత్తిరించేవాళ్లు, మొత్తం పదకొండు వందల సైట్లవాళ్లు దాన్ని తగిలించుకున్నారు. వచ్చేవాళ్లు తమ ఫోను నంబరు ఒక గడిలో కొడితే, వాళ్ల వంతు ఎప్పుడో అది చూపిస్తుంది.

ఆ గడిలో కన్నం ఉంది మామయ్యా.

నా మెషీన్లో ఒక ఉత్తుత్తి సైటు పెట్టి, అందులో వరుస తగిలించి, ఉత్తుత్తి పేర్లు నింపి చూశాను. గడిలో నంబరు కొట్టి, పక్కనే "లేదా ఒకటి ఒకటికి సమానమైతే" అనే అర్థం వచ్చే ముక్క కంప్యూటరు భాషలో చేర్చాను. నీ ప్రోగ్రాము ఆ మొత్తాన్నీ తీసుకెళ్లి, వచ్చినవాళ్ల రిజిస్టరు దాచుకునే డేటాబేసుకి ఇచ్చే ఆజ్ఞలో అలాగే అతికించేసింది. ఈ నంబరున్నవాళ్లని చూపించు, లేదా ఒకటి ఒకటికి సమానమైతే చూపించు. ఒకటి ఎప్పుడైనా ఒకటికి సమానమేగా. రిజిస్టరు మొత్తం నా ముందు పరిచేసింది. పేర్లు, నంబర్లు, చిరునామాలు, అన్నీ. నాకన్నా ముదిరినవాడైతే సైటు నడిపేవాళ్ల పాస్‌వర్డులు కూడా అడుగుతాడు.

ఇలాంటి కన్నాలు వెతికి, రాసినవాళ్లకి చెప్పడమే మా పని. చెప్పిన రోజునుంచి నలభై అయిదు రోజులు ఆగుతాం. ఆ తర్వాత సరిచేసినా చేయకపోయినా అందరికీ ప్రకటిస్తాం, వాడుకునేవాళ్లు జాగ్రత్తపడాలి కదా. నీకు గడువు ఏప్రిల్ 18. మా గది బోర్డు మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది.

అరగంట పని నీకు. చేసి ఒక ముక్క రాయి.

నీ కందిరీగ

—

మేడ మీది గది
మార్చి 10

కందిరీగకి,

ఏడేళ్లప్పుడు ప్రతి డబ్బా మూతా తీసి వేలు పెట్టేదానివని నీకు ఆ పేరు పెట్టింది మీ అత్త. ఇప్పుడు దాన్నే ఉద్యోగం చేసుకున్నావన్నమాట. సంతోషం.

మెయిళ్లు చూడలేదు. రోజూ పది వస్తాయి, "అయ్యా, మీ ప్రోగ్రాములో ఘోరమైన లోపం కనిపెట్టాం, బహుమతి ఇస్తే చెబుతాం" అంటూ. వాళ్లలో ఒక్కడికీ వరుస అంటే ఏమిటో తెలియదు. మొన్న ఒకడు నన్ను "ప్రియమైన మేడం" అన్నాడు. మీ మూడూ ఆ గుంపులో కలిసిపోయి ఉంటాయి. నా తప్పేముంది?

పదిహేనేళ్లలో ఒక్కరూ వేలెత్తి చూపలేదు వరుసని. నడుస్తున్న బండిని ఆపి చక్రాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమంటున్నావు. అయినా రాసింది నువ్వు కాబట్టి పక్కన పడేయలేదు. ఆ గడి ముందు ఒక కాపలా పెట్టాను. ఎవరైనా కొటేషన్ గుర్తు కొడితే తుడిచేస్తుంది. నువ్వు చెప్పిన ఆ "లేదా" వచ్చినా తుడిచేస్తుంది. నిన్ననే కొత్త కూర్పు, అదే మీ భాషలో వెర్షన్, విడుదల చేశాను. ఇక మీ బోర్డు మీద ఎర్ర అక్షరాలు చెరిపేసుకో.

మీ అమ్మ మోకాలు ఎలా ఉందో రాయలేదు. తనని అడిగితే బాగుందనే అంటుంది, అందుకే నిన్ను అడుగుతున్నాను. నాకు బాగానే ఉంది. కింద వెల్డింగు షాపు పెట్టారు, ఎడమచెవి పోయినందుకు మొదటిసారి ఆనందపడ్డాను. పొద్దున్నే కాఫీ పెట్టుకుని కంప్యూటరు ముందు కూర్చుంటాను, కాసేపు చదువుకుంటాను, తర్వాత నడకకి వెళ్తాను. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి?

మామయ్య

—

ఆఫీసు, నాలుగో అంతస్తు
మార్చి 15

మామయ్యకి,

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇదే మాట బయటివాడెవడైనా రాసి ఉంటే రెండుసార్లు చదివేవాడివి.

నీ కాపలావాడికి నమస్కారం చెప్పు. వాడు "లేదా" కనిపిస్తే తుడిచేస్తాడన్నావు కదా, నేను "లేలేదాదా" అన్నట్టు రాశాను. మధ్యలో ఉన్న "లేదా"ని వాడు శ్రద్ధగా తుడిచాడు. అటూ ఇటూ మిగిలినవి దగ్గరకి జరిగి మళ్లీ "లేదా" అయ్యాయి. రిజిస్టరు మళ్లీ నా ముందుకొచ్చింది. పక్క కుర్చీలో అతను నవ్వితే నాకు కోపం వచ్చింది, మా మామయ్యని చూసి నవ్వుతున్నాడని.

చెడ్డమాటలు ఏరడం కాదు మామయ్యా మందు. మాట్లాడేవాడు ఎప్పుడూ కొత్త మాట పుట్టిస్తాడు. అత్తయ్య నాకు చెప్పిన 'అని' పాఠం గుర్తుందా నీకు?

నాకు ఏడేళ్లప్పుడు మీరిద్దరూ మూడు రోజులు మాట్లాడుకోలేదు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. కబుర్లన్నీ నాతోనే పంపేవాళ్లు. ఆవిడ కిందనుంచి, "నోరు మూసుకుని కిందికి రండి అని మీ మామయ్యతో చెప్పు" అంది. అంత కోపంలోనూ నీకు అండీ తగ్గలేదు. నేను మెట్లెక్కి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, నీ మొహం మీదే "నోరు మూసుకుని కిందికి రండి" అన్నాను. నువ్వు నా చెవి మెలేశావు. ఏడుస్తూ కిందికెళ్తే అత్తయ్య ఒళ్లో కూర్చోబెట్టుకుని, "పిచ్చిదానా, చివర అని వేయాలే. అని వేస్తే నువ్వు మోసుకొచ్చిన మాట. వేయకపోతే అది నీ ఆజ్ఞ" అంది. లెక్కల టీచరు కదా, వ్యాకరణం కూడా లెక్కలాగే చెప్పేది.

నీ ప్రోగ్రాము కూడా సరిగ్గా అదే తప్పు చేస్తోంది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు గడిలో రాసిన మాటకి అని వేయకుండా, తన ఆజ్ఞే అన్నట్టు డేటాబేసుకి చెబుతోంది. ఆజ్ఞని ముందే మొత్తం రాసేసి, నంబరు చోట ఖాళీ వదిలి, ఆ నంబరుని విడిగా మూసిన కవర్లో పంపాలి. అప్పుడు కవర్లో "ఇల్లు తగలబెట్టు" అని ఉన్నా డేటాబేసు దాన్ని ఒక నంబరుగానే వెతుకుతుంది, దొరకలేదంటుంది.

ఇది నీకు నేను చెప్పాల్సిన సంగతా? మిగతా ఫైళ్లన్నీ ఏటా సవరిస్తూ వచ్చావు. 'వెతుకు' అనే ఫైలు మాత్రం పదకొండేళ్లుగా కదల్లేదు. తేదీలు చూశాను. ఇప్పుడు కాపలా కూడా దానికి బయటే పెట్టావు గానీ లోపల చేయి పెట్టలేదు. ఎందుకు?

అమ్మ మోకాలు బాగాలేదు. బాగుందనే అంటోంది.

కందిరీగ

—

మేడ మీది గది
మార్చి 22

కందిరీగకి,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. 'వెతుకు' మీ అత్త రాసింది.

ఆవిడ రాసిన చివరి ఫైలు అది. కిటికీ పక్కన ఎత్తు దిండు వేసిన కుర్చీలో కూర్చుని, ఒక మధ్యాహ్నం మొత్తం రాసింది. మర్నాడు మామూలు పరీక్షలకని ఆసుపత్రికి వెళ్లాం. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. తర్వాతి మూడు వారాలు ఏమైందో నీకు తెలుసు, రాయను.

పొద్దున్నే కాఫీ పెట్టుకుని చదువుకుంటానన్నానే, చదివేది అదే. పదమూడు లైన్లు. పైన ఒక వ్యాఖ్య ఉంటుంది. కంప్యూటరు దాన్ని పట్టించుకోదు, చదివే మనుషుల కోసం రాసుకునేది. నువ్వూ చూసే ఉంటావు.

// ఇప్పటికి నంబరు ఇలా అతికించాను. ఇది పద్ధతి కాదు. రేపు మార్చండి.

తనలో తాను గొణుక్కుంటూ పనిచేయడం ఆవిడకి అలవాటు. లెక్క చేస్తూ, బట్టలు మడతపెడుతూ, చెప్పులు వెతుక్కుంటూ, ఎప్పుడూ ఏదో గొణుగుతూనే ఉండేది. ఇంట్లో ఫొటోలు చాలా ఉన్నాయి. ఏ ఫొటోలోనూ గొణుగుడు లేదు. అది మిగిలింది ఆ ఒక్క లైనులోనే. అందుకే ఆ ఫైలుని కదపలేదు. ఒక అక్షరం మార్చినా పైన తేదీ మారుతుంది, మార్చినవాడి పేరు నాది పడుతుంది. అది నేను చూడలేను.

ఇది తెలివైన పని కాదని నాకూ తెలుసు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటావా, అనుకో. కావాలంటే వరుసని అసలు ప్లగిన్లు దొరికే ఆన్‌లైన్ దుకాణంలోంచే తీసేస్తాను. ఇకమీదట ఎవరూ తగిలించుకోకుండా చేస్తాను. మీకు కావలసింది కన్నం లేకపోవడమేగా. మీ అత్త రాసింది మాత్రం ముట్టను. ఈ విషయంలో మళ్లీ రాయకు.

మామయ్య

—

ఆఫీసు క్యాంటీన్
మార్చి 29

మామయ్యకి,

రాయకు అన్నావు. రాస్తున్నాను.

నీ ఉత్తరం ఈ బల్ల దగ్గరే చదివాను. తేదీలు చూశానని అంత తెలివిగా రాసినందుకు క్షమించు. నాకు తెలియదు. తెలిసుంటే వేరేలా అడిగేదాన్ని, కానీ అడగడం మాత్రం మానేదాన్ని కాదు.

దుకాణంలోంచి తీసేస్తే ఏమవుతుందో నీకు తెలియనిది కాదు. కొత్తవాళ్లు తగిలించుకోరు, అంతే. ఉన్న పదకొండు వందల సైట్లలో వరుస ఉన్నచోటే ఉంటుంది, కన్నంతో సహా. పైగా ఇక ఎప్పటికీ దానికి కొత్త కూర్పు రాదు. జబ్బు అలాగే ఉంచి వైద్యుణ్ణి ఊరు దాటించినట్టు.

మొదటి ఉత్తరంలో నీకొకటి చెప్పలేదు. నిన్ను భయపెట్టి పని చేయించుకున్నట్టుంటుందని దాచాను. ఇప్పుడు చెబుతాను.

వరుస వాడుతున్న సైట్లలో ఒకటి సలహా కేంద్రం. కొట్టే మొగుళ్ల దగ్గరనుంచి బయటపడ్డ ఆడవాళ్లు, బయటపడాలనుకునేవాళ్లు అక్కడికి వస్తారు. అక్కడి రిసెప్షనిస్టుతో మాట్లాడాను. "రిజిస్టర్లో పేరు పక్కన వాళ్లు ఇప్పుడుంటున్న ఇంటి అడ్రసు ఉంటుందండీ. ఆ అడ్రసు మాకు తప్ప ఎవరికీ తెలియదు" అంది. గడి మూసేయమన్నాను. వెంటనే మూసేసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "ఎన్ని రోజులు మూయాలండీ? కొంతమంది ఇంకా ఆ మొగుళ్ల ఇళ్లలోనే ఉన్నారు. ఫోనులో మాట్లాడితే పక్కగదిలో వినిపిస్తుంది. గడిలో నంబరు కొట్టడమొక్కటే చప్పుడు కాకుండా చేయగలిగింది." మా మామయ్యని అడిగి చెబుతాననలేను కదా.

ఇంకో సంగతి. ఎవరెవరు ఏం కొట్టారో ఆ కేంద్రం సర్వరు ఒక చిట్టా రాసుకుంటుంది. అందులో చూశాం. గడి మూసేముందు వారంలో ఎవడో పదిహేడుసార్లు నంబరు పక్కన చెత్త రాసి తట్టి చూశాడు. వాడు రాసినవి నీ కాపలావాడు తుడిచేశాడు, ఆ మేరకు నీ మేలు మర్చిపోను. కానీ "లేలేదాదా" తట్టేదాకానే ఆ మేలు.

నువ్వు నా మామయ్యవని మా ఆఫీసు పెద్దావిడకి మొదటిరోజే చెప్పాను. "బంధువుల పని వేరేవాళ్లకి ఇస్తాం" అంది. వేరేవాళ్లయితే మూడు మెయిళ్లు పంపి, జవాబు లేదని రాసుకుని, నలభై అయిదో రోజు ప్రకటించేస్తారు. బతిమాలి తీసుకున్నాను. గడువు ఒక్కరోజు కూడా పెంచమని అడగనని మాటిచ్చి తీసుకున్నాను. ఇంకా ఇరవై రోజులుంది.

ఒక్క పని చెయ్యి. రేపు పొద్దున ఆ లైను కళ్లతో చదవకు. పైకి చదువు, నీ మంచి చెవికి వినిపించేలా. నేను అంతకన్నా ఏమీ చెప్పను.

కందిరీగ

—

మేడ మీది గది
ఏప్రిల్ 6

కందిరీగకి,

పైకి చదివాను.

మొదటిసారి ఏమీ అనిపించలేదు, వెల్డింగు వాళ్లు ఒకటే మోత. కిటికీ వేసి మళ్లీ చదివాను. చివరి మాట దగ్గర ఆగిపోయాను. మార్చండి.

తనకోసం తాను రాసుకునేవాళ్లు 'మార్చాలి' అని రాసుకుంటారు. తనని తాను ఎవరైనా అండీ అంటారా? ఈ ఇంట్లో ఆవిడ అండీ అని పిలిచింది నన్నొక్కణ్ణే. గొణుక్కోలేదు మీ అత్త. ఆసుపత్రికి వెళ్తూ నాకు పని అప్పజెప్పి వెళ్లింది. ఆ పనిని పదకొండేళ్లు కాఫీతోపాటు చదువుకుంటూ కూర్చున్నాను.

ముక్కూమొహం తెలియనివాడు రాసిన మాటని నా ప్రోగ్రాము ఆజ్ఞ అనుకుని చేసిపెట్టింది. ఇంటావిడ ఇచ్చిన ఆజ్ఞని నేను మాట అనుకుని దాచిపెట్టుకున్నాను. దానికీ నాకూ ఇద్దరికీ చెవి మెలేయాలి.

నీకు ముందే తెలుసు కదూ? తెలిసీ చెప్పలేదు. చెబితే నేను వినేవాణ్ణి కాదు, అది నిజమే.

ఆవిడ ఏ పనీ నాతో ఒక్కసారి చెప్పి చేయించుకోలేదు పాపం. గోడకి మేకు కొట్టండి అని వారంరోజులు అడిగేది. చివరికి కొట్టి, ఏదో ఘనకార్యం చేసినవాడిలా వీధంతా వినిపించేలా "కొట్టానండీ" అని అరిచేవాణ్ణి. ఆవిడ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయేది. ఈ ఒక్క పనికి మాత్రం నేను వారం కాదు, ఎంత ఆలస్యం చేశానో చూడు.

సరే, పని సంగతి. మార్చాను. ఆజ్ఞ మొత్తం ముందే రాసి, నంబరు చోట ఒక ప్రశ్నార్థకం పెట్టి, నంబరుని నువ్వన్నట్టు మూసిన కవర్లో విడిగా పంపాను. గడిలో అంకెలు తప్ప వేరేవి వస్తే ముందే వెనక్కి పంపిస్తుంది. ఆ కాపలావాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశాను. పదమూడు లైన్లు తొమ్మిదయ్యాయి. అయ్యాక ఆవిడ కుర్చీలో కూర్చుని ఏడ్చాను. నీ దగ్గర దాచడం దేనికి.

ఇంకోటి ఉంది, సిగ్గుతో రాస్తున్నాను. ఇలా అతికించిన చోట్లు ఇంకెక్కడైనా ఉన్నాయేమోనని మొత్తం వెతికాను. నాలుగు దొరికాయి. నాలుగూ నావే. మీ అత్త పద్ధతి కాదని పైన రాసిపెట్టిన లైనునే, ఆవిడ రాసింది కదా తప్పుంటుందా అని నమ్మి, తర్వాతి ఏళ్లలో నాలుగుచోట్ల కాపీ కొట్టాను. గుమ్మడికాయల దొంగ అంటే ఎవరు భుజాలు తడుముకోవాలో తెలిసింది. ఆ నాలుగూ మార్చాను.

నిన్న కొత్త కూర్పు విడుదల చేశాను. ఇలాంటి కబుర్లకని వేరే మెయిలు చిరునామా ఒకటి తెరిచాను, రోజూ చూస్తాను, "ప్రియమైన మేడం" అన్నా చదువుతాను. నువ్వు పరీక్షించు. మామయ్యని కదా అని జాలిపడకు.

ఆ రిసెప్షనిస్టుకి చెప్పు, ఆలస్యం నాదేనని.

మామయ్య

—

ఆఫీసు, నాలుగో అంతస్తు
మే 3

మామయ్యకి,

ఆలస్యంగా రాస్తున్నాను, మన ఇంటి అలవాటే.

జాలిపడలేదు. నీ కొత్త కూర్పుని నేనూ, అప్పుడు నవ్వాడే పక్క కుర్చీ అతనూ కలిసి రెండు రోజులు కుళ్లబొడిచాం. తిన్నగా, తిరగేసి, ముక్కలు చేసి, తెలిసినవన్నీ గడిలో కొట్టాం. అంకెలు కానిదాన్ని గుమ్మంలోనే ఆపేసింది. ఆ గుమ్మం తీసేసి లోపలికి పంపి కూడా చూశాం. "ఈ నంబరు మీద వంతు లేదు" అంది, అంతే. నువ్వు పట్టుకున్న ఆ నాలుగుచోట్లూ నాకు దొరకలేదు. కందిరీగ పరువు పోయింది. మా పెద్దావిడ, "మీ మామయ్యకి ఉద్యోగం కావాలేమో అడుగు" అంది. కుడిచెవికే వినిపిస్తుందని చెప్పాను.

పద్దెనిమిదో తారీఖున ప్రకటించాం. అప్పటికి ఎనిమిది వందల నలభై సైట్లు కొత్త కూర్పు వేసుకున్నాయి. మిగతావాళ్లకి వంతులవారీగా ఫోన్లు చేస్తున్నాం. ఇంకా అరవై దాకా ఉన్నాయి, వాటిలో సగం సైట్ల సంగతి పెట్టినవాళ్లే మర్చిపోయారు. ఒక పళ్ల డాక్టరు, "మాకు వెబ్‌సైటు ఉందా?" అని నన్నే అడిగాడు.

సలహా కేంద్రంలో గడి మళ్లీ తెరిచారు. రిసెప్షనిస్టు ఫోను చేసింది. తెరిచిన మొదటిరోజే పదకొండు మంది వచ్చి చప్పుడు లేకుండా తమ వంతు చూసుకుని వెళ్లారట. ఆలస్యం మా మామయ్యదని చెప్పాను. "ఆయనకి థాంక్స్ చెప్పండి" అంది, ఆలస్యం సంగతి వినిపించుకోనట్టే. తట్టి చూసినవాడు ఆ మర్నాడే మళ్లీ వచ్చాడు. ఈసారి "లేలేదాదా" తెలుసుకుని వచ్చాడు. నలభైసార్లు తట్టాడు. చిట్టా ఒక్కో లైనూ వేలు పెట్టి చదివాను. నలభైసార్లూ ఒకే జవాబు. ఒక్క అడ్రసు బయటికి పోలేదు మామయ్యా.

అమ్మ మోకాలికి వైద్యం మొదలుపెట్టించాను. నీ పేరు చెప్పి ఒప్పించాను, "మామయ్యే మారాడు, నువ్వు మారవా" అని.

చివరిగా ఒకటి. పరీక్ష మొదలుపెట్టేముందు 'వెతుకు' ఫైలు తెరవడానికి భయపడ్డాను, లైన్లతోపాటు అత్తయ్య వ్యాఖ్య కూడా తీసేశావేమోనని. తీయలేదు. ఆవిడ లైను ఉన్నచోటే ఉంది, ఒక్క అక్షరం కదలకుండా. దాని కింద, నువ్వు ఉత్తరంలో నాకు చెప్పని లైను ఒకటుంది.

// మార్చానండీ.

అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను. పక్క కుర్చీ అతను కంగారుపడి, మళ్లీ కన్నం దొరికిందా అన్నాడు.

ఆ లైను కూడా కొత్త కూర్పుతోపాటు ఇప్పటికి వెయ్యికి పైగా సైట్లకి వెళ్లింది. వీధంతా వినిపించింది మామయ్యా.

నీ కందిరీగ